పొన్నచెట్టు కింద ఎవరూ లేరు

శనివారం మధ్యాహ్నం మా టూటూ చేమజావ గిన్నె పక్కకి నెట్టేసి, "ఆ కంచెలో ఎవరూ లేరే, కమైలె" అన్నచోట కిందటి వారం ఆపాను. నన్ను తిట్టుకున్నవాళ్లు తిట్టుకునే ఉంటారు.

ఇప్పుడే వచ్చి కూచున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. టూటూ అంటే మా నాయనమ్మ, పేరు లాహపా. ఎనభై దాటింది. మా ఊరు వైయోహలలో మా వంశం పెద్దల ఎముకలు ఎక్కడ దాచారో తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఆవిడ ఒక్కతే. తరానికి ఒక్కరికే తెలియాలి. ఆ ఒక్కరూ పోయేముందు ఊపిరి ఉండగా ఇంకొక్కరికి చెప్పాలి. మిగతావాళ్లం అడగకూడదు, వెతకకూడదు, అటు తిరిగి ఆలోచించనైనా కూడదు. పోయినేడు సముద్రపు ఒడ్డున విడిది బంగళాలు కట్టే కంపెనీవాళ్లు రోడ్డు వేస్తామని వచ్చారు. సమాధుల సంగతి చూసే సంఘం మా ఊరి బడి భోజనాల హాల్లో కూచుని, ఇక్కడ ఎవరి పెద్దలైనా ఉన్నారా అని అడిగింది. మా టూటూ లేచి, బైబిలు మీద చెయ్యి పెట్టి, పొన్నచెట్టు కింద మావాళ్లున్నారని చెప్పింది. కంపెనీవాళ్లు చెట్టు చుట్టూ కంచె కట్టి, రోడ్డుని పక్కకి తిప్పి, మొగలితోపులోంచి తీసుకెళ్తున్నారు. ఆ రోడ్డు తవ్వే పొక్లెయిన్ నడిపేది ఎవరో కాదు, మా తమ్ముడు నైహె. సోమవారం పొద్దున వాడు తోపులోకి దిగాలి.

ఇదీ సంగతి. ఇక శనివారానికి వద్దాం.

"ఎవరూ లేరంటే ఏంటి?" అన్నాను.

"లేరంటే లేరు. చెట్టుంది. చెట్టుకింద వేళ్లున్నాయి. పీతలున్నాయేమో నాకు తెలీదు."

"మరి అంతమంది ముందు బైబిలు మీద చెయ్యేసి చెప్పావు కదా!"

"చెప్పాను."

"అబద్ధమా?"

టూటూకి కోపం వచ్చింది. పళ్లు లేని దవడ గట్టిగా బిగించింది. "మా నాన్న నేర్పిన మాట అది. ఎవడడిగినా పొన్నచెట్టు చూపించమన్నాడు. ఆయనకి వాళ్ల నాన్న అదే చెప్పాడు. చెరకుతోట దొర వచ్చి అడిగితే పొన్నచెట్టే చూపించారు. వాడు ఊరుకున్నాడా, తవ్వించాడు. నీళ్లు ఊరాయి, ఒకడికి కాలు విరిగింది, హడలిపోయి పూడ్పించాడు. యుద్ధం రోజుల్లో సిపాయిలొచ్చి అడిగితే మా నాన్న మళ్లీ పొన్నచెట్టే చూపించాడు. వాళ్లూ తవ్వారు. ఎప్పుడూ పనికొచ్చిన మాటే కదా. నేనూ అదే అన్నాను."

"ఈసారి వీళ్లు తవ్వలేదు టూటూ. రోడ్డు తిప్పారు."

"అదేగా నా ఖర్మ!" అని తొడమీద చరుచుకుంది. "మన మాట విని పక్కకి తప్పుకున్నవాడు ఇంతవరకూ ఒక్కడు పుట్టలేదు. వీళ్లు వింటారని నేను కలగన్నానా?"

నాకు నవ్వొచ్చింది. నిజం చెప్తున్నా, ముందు నవ్వే వచ్చింది. నూరేళ్లుగా మా మాట ఎవరూ వినలేదని ఏడ్చిన ఊరు మాది. బళ్లో మా భాష మాట్లాడిందని చిన్నప్పుడు టూటూ అరచేతుల మీద బెత్తంతో కొట్టారు. ఆ చేతుల్నే ఆవిడ పోయినేడు సభలో పైకెత్తి, మా భాషలో, మా నాన్న తరానికి కూడా పూర్తిగా రాని పాత భాషలో తాతముత్తాతల పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే హాలు మొత్తం కళ్లు తుడుచుకుంది. కంపెనీ వకీలు కూడా టై సర్దుకున్నాడు. నేనూ ఏడ్చాను, మా టూటూ అని పొంగిపోయి. ఆ పేర్లన్నీ నిజమే. చోటు ఒక్కటే అబద్ధం.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. వసారాలోంచి కిందికి చూస్తే మొగలితోపు మొత్తం కనిపిస్తుంది. తోపు మధ్యలోంచి నారింజ రంగు గుడ్డపీలికలు కట్టిన గూటాలు వరసగా సముద్రం దాకా పోతున్నాయి. వారం రోజులుగా టూటూ తిండి మానేసి ఆ పీలికల వైపే ఎందుకు చూస్తోందో అప్పుడు అర్థమైంది.

"అయితే వాళ్లు..." అన్నాను.

టూటూ చటుక్కున నా నోటిమీద చెయ్యి పెట్టింది. "అడక్కు."

అడగలేదు. మళ్లీ ఆ పీలికల వైపు చూశాను.

"పోనీ మనమే వెళ్లి తీసి ఇంకోచోట దాచేద్దాం" అన్నాను కాసేపటికి.

"నా మోకాళ్లతో నేను వెళ్లాలా? వెళ్లేవాళ్లకి చెప్పాలా? కంపెనీవాడి కాపలా మనిషి తోపు చుట్టూ తిరుగుతూనే ఉంటాడు, వాడికి కాఫీ ఇచ్చి పక్కకి పొమ్మందామా?" అంది టూటూ. ఆ తరవాత గొంతు తగ్గించి, "కదపమని నాకెవరూ చెప్పలేదే. కాపాడమనే చెప్పారు" అంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక అంకుల్ ఎనోకాని పట్టుకొచ్చాను. ఆయన మా చర్చిలో పెద్ద, వల వేస్తే ఊరందరికీ చేపలు పంచే మనిషి, పైగా ఆ సమాధుల సంఘంలో మా వైపు నుంచి కూచునేది ఆయనే. టూటూ వద్దంది. "వాడికి చెప్తే సంఘానికి చెప్పినట్టే" అంది. "చెప్పను, అడుగుతాను" అన్నాను. ఎండు చేప, చిలగడదుంప పెట్టి, ఆయన సగం తిన్నాక అడిగాను.

"అంకుల్, ఒక మాట. ఎవరైనా సరే, వేరే ఊరివాళ్లే అనుకోండి, సంఘం ముందు ఒక చోటు చెప్పి, తీరా అది కాదు అంటే ఏమవుతుంది?"

ఎనోకా నమలడం ఆపాడు. టూటూ వైపు చూశాడు. టూటూ సముద్రం వైపు చూస్తోంది. ఆయన వెర్రివాడు కాదు కదా.

"వేరే ఊరివాళ్లే కదూ?" అన్నాడు చిన్న గొంతుతో.

"వేరే ఊరివాళ్లే."

"ఎంత పని చేశారమ్మా ఆ వేరే ఊరివాళ్లు!" పళ్లెం కింద పెట్టేశాడు. "సరే. వాళ్లు మళ్లీ రావాలి. తప్పు చెప్పామని ఒప్పుకోవాలి. అసలు చోటు చూపించాలి. నోటితో చెప్తే చాలదు, కాలితో నడిచి, వేలు పెట్టి చూపించాలి. సంఘం వాళ్లు, కంపెనీవాళ్లు, పాత అవశేషాలు చూసే తవ్వకాల మేడమ్, అందరూ ఉంటారు. పటం మీద గుర్తు వేస్తారు."

"ఆ పటం ఎవరు చూస్తారు?" టూటూ సముద్రం వైపే చూస్తూ అడిగింది.

"దాచడానికే చూస్తాం టూటూ. కానీ ఇంతమంది చూశాక ఏం దాగుతుంది?"

"వాళ్లు నమ్ముతారా?"

ఎనోకా గడ్డం గోక్కున్నాడు. "మేమైతే నమ్ముతాం. కంపెనీ వకీలు లేచి ఏమంటాడో నేనిప్పుడే చెప్పగలను. పోయినేడు పొన్నచెట్టు అన్నారు, రోడ్డు తిప్పాం. ఇవాళ మొగలితోపు అంటున్నారు. రేపు సముద్రం అంటారా? అసలు వీళ్లకి పెద్దలు ఉన్నారా, లేక రోడ్డు పడకుండా నాటకమా? అంటాడు. ఒకసారి అబద్ధం అని తేలాక ఆ పేర్లు కూడా అబద్ధమే అంటాడు. మీరు ఆ పెద్దల వంశమేనని సంఘం ఒప్పుకున్నది కూడా ఆ రోజు మాట మీదే కదా టూటూ."

"వేరే ఊరివాళ్ల సంగతి కదా మాట్లాడుతున్నాం" అన్నాను.

"అవునవును, వేరే ఊరివాళ్ల సంగతే" అన్నాడు పాపం.

అప్పుడే నైహె వచ్చాడు. నెత్తిన టోపీ, చేతిలో టూటూకి ఇష్టమైన కొబ్బరి హల్వా పొట్లం. వాడికి ఏమీ తెలియదు. కంచె కట్టించిన రోజు నుంచి వాడి నడకే మారిపోయింది. ఆ కంచె గుంజలు వాడే దగ్గరుండి పాతించాడు. పెద్దల పక్కన పనిచేస్తూ పెద్దల్ని కాపాడుతున్నానని దోస్తుల దగ్గర ఛాతీ విరుచుకుని చెప్పుకునేవాడు. వాడి టోపీకి ఒక పొన్నకాయ కూడా కుట్టించుకున్నాడు, పిచ్చి సన్నాసి.

"ఏంటి అంకుల్, శవం లేచినట్టు కూచున్నారందరూ? టూటూ, నీ హల్వా. పళ్లు లేవు కాబట్టి చప్పరించు" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నేను లోపలికి తీసుకెళ్లి చెప్దామనుకున్నాను. టూటూ అక్కడే చెప్పేసింది. "నాన్నా, నువ్వు కట్టిన కంచెలో ఎవరూ లేరు."

వాడు ముందు నా మొహం చూశాడు, పరాచకం అనుకుని. తరవాత ఎనోకా మొహం చూశాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. చాలాసేపు ఆ పొన్నకాయని బొటనవేలితో తిప్పుతూ ఉండిపోయాడు.

"రేపు నేను దిగేది..." అని వాడు మొదలుపెడితే, టూటూ వాడి నోటిమీద కూడా చెయ్యి పెట్టింది. వాడు ఆ చెయ్యి తీసేశాడు. మా ఇంట్లో టూటూ చెయ్యి తీసేసిన మనిషిని నేను అదే మొదటిసారి చూడడం.

"నేను రేపు వెళ్లను. మానేస్తా. పోతే పోయింది పని" అన్నాడు.

"నువ్వు మానేస్తే హిలో పట్నం నుంచి ఇంకొకడు వస్తాడురా" అన్నాడు ఎనోకా. "వాడు రేడియో పెట్టుకుని, మధ్యాహ్నానికి తోపు మొత్తం చదును చేసి పోతాడు. నువ్వైతే చెయ్యి మెల్లగా ఆడిస్తావు."

"అయితే నాకు చెప్పు టూటూ. ఎలాగూ నాకే చెప్తావుగా, రేపో మాపో. ఇప్పుడే చెప్పు. పక్కనుంచి పోనిస్తా."

ఆ మాట నన్ను గుచ్చింది. తరవాతి మనిషి వాడేనని ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు, అయినా గుచ్చింది. ముద్దుల మనవడు కదా. టూటూకి ఒళ్లు తుడిచేది నేను, మందులేసేది నేను, ఆ సంగతి ఇప్పుడెందుకు లెండి.

"పక్కనుంచి ఎలా పోనిస్తావు? గూటాలు కంపెనీవాడు కొట్టాడా, నువ్వు కొట్టావా?" అంది టూటూ.

"ఆగిపోతా అక్కడ. ఇంజను చెడిందంటా."

"ఎక్కడ ఆగుతావు?"

నైహె తోపు వైపు తిరిగి గూటాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"నువ్వెక్కడ ఆగితే అక్కడేనని తెలిసిపోదూ?" టూటూ వాడి తలమీద చెయ్యి వేసి నిమురుతూ చెప్పింది. "లాహపా మనవడు పొద్దుట్నుంచీ తవ్వినవాడు ఇదిగో ఇక్కడికొచ్చి చెయ్యి తీశాడు అంటారు. తవ్వకాలవాళ్లు చిన్న చీపుర్లు పట్టుకుని అక్కడే కూచుంటారు. నీకు చెప్తే వాళ్లకి చెప్పినట్టే రా నాన్నా. నిన్ను ఏమార్చడం నాకు చేతనవుతుందేమో కానీ, నువ్వు ఎవరినీ ఏమార్చలేవు. చిన్నప్పుడు గుడ్డు దొంగిలించి జేబు మీద చెయ్యేసుకుని తిరిగేవాడివి."

"ఎముక కనిపిస్తే పని ఆపాలి. అది చట్టం" అన్నాడు ఎనోకా, ఏదో ఒకటి అనాలి కాబట్టి. "తవ్వుతున్నంతసేపూ మేడమ్ పక్కనే నిలబడి మట్టి చూస్తుంది. మంచి మనిషే ఆవిడ. కనిపించిన మరుక్షణం చెయ్యెత్తేస్తుంది."

"కనిపించడం అంటే నా బకెట్లో పడ్డాకనా అంకుల్?" అన్నాడు నైహె.

ఎనోకా ఏడ్చేశాడు. అంత పెద్దమనిషి, తెల్ల చొక్కా వేసుకుని, మా మెట్ల మీద కూచుని ఏడ్చేశాడు. నాకు ఎవరిని ఓదార్చాలో తెలియలేదు. ముగ్గురూ కలిసి మా చుట్టూ ఉన్న దారులన్నిటికీ ఒక్కొక్కటిగా తలుపులు వేసేసి, ఇక వేయడానికి తలుపు కూడా మిగలకుండా చేసేశారు.

"నువ్వే తేల్చు టూటూ" అన్నాను గట్టిగా. నా కోపం ఎవరి మీదో నాకే తెలియదు. "చూపించు, లేకపోతే పోనీ. ఏదో ఒకటి. ఎండ తగలకూడదంటావు, పటంలో పడకూడదంటావు, కదపకూడదంటావు. ఆ యంత్రం ఆకాశంలో నడుస్తుందా?"

టూటూ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పుఅవై వాళ్ల పెద్దల్ని తీసుకురావడానికి నేనూ వెళ్లాను, గుర్తుందా?" అంది. "వాళ్లూ చూపించారు. నమ్మి చూపించారు. తవ్వినవాళ్లు ఆ ఎముకల్ని ఎక్కడో గోదాములో అరమీద పెట్టారు. మేం వెళ్తే ఒక పిల్లాడు వచ్చి అట్టపెట్టె దింపాడు. మీద అంకె వేసి ఉంది. అదివరకు అందులో టమాటా డబ్బాలు వచ్చాయనుకుంటా, టమాటా బొమ్మ ఉంది. పుఅవై వాళ్లమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని ట్రక్కులో కూచుని ఇల్లు చేరేదాకా ఊపుతూనే ఉంది, పసిపిల్లని ఊపినట్టు. మట్టిలో చితికితే మట్టే అవుతారు. దొరికితే పెట్టెలో పడతారు. ఏది మంచిదో నాకు తెలీడం లేదే. మా నాన్న ఇది చెప్పలేదు. అడుగుదామంటే ఆయన కూడా అక్కడే ఉన్నాడు."

అలా అని మొహం చేతుల్లో దాచుకుంది. మా టూటూకి తెలియనిది ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. భయం వేసింది. ఇంట్లో పెద్దదిక్కు తెలీదంటే ఇంకెవరి దగ్గరికి పోవాలి?

ఎనోకా లేచి, "నేను ఇవాళ ఇక్కడికి రాలేదు" అని చెప్పి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. అదే ఆయన చేయగల సాయం. నైహె వెళ్తూ హల్వా పొట్లం విప్పి టూటూ చేతిలో ముక్క పెట్టాడు. ఆవిడ దాన్ని తినలేదు, పారేయలేదు. అది అరచేతిలోనే కరిగిపోయింది. నేను తడిగుడ్డతో చెయ్యి తుడిచి పడుకోబెట్టాను.

సోమవారం తెల్లారగానే నైహె వచ్చాడు. టూటూ అప్పటికే వసారాలో కుర్చీలో కూచుని ఉంది. వాడు మోకాళ్ల మీద కూచుని, నుదురు నుదుటికి, ముక్కు ముక్కుకి ఆనించి, ఆవిడ ఊపిరి పీల్చాడు. మా పలకరింపు అంతే, ఎప్పుడూ చేసేదే, కానీ ఆ రోజు లేవడానికి చాలాసేపు పట్టింది. వాడి టోపీకి పొన్నకాయ లేదు. తెంపేసిన చోట దారం వేలాడుతోంది.

పొద్దెక్కాక కింద ఇంజను మొదలైంది. తోపు అంచున పొక్లెయిన్, దాని పక్కన చెయ్యి ఊపే ఫోర్‌మన్, నాలుగడుగుల అవతల తెల్ల టోపీ పెట్టుకున్న తవ్వకాల మేడమ్. మొదటి మొగలిచెట్టు కూలింది. ఊడలతో సహా పక్కకి ఒరిగిపోయింది. ఆ ఆకులతోనే మా టూటూ చాపలు అల్లేది. నేను పడుకున్న మొదటి చాప ఆ తోపులోదే. ఆ సంగతి కూడా ఇప్పుడెందుకు.

నైహె చాలా మెల్లగా చేస్తున్నాడు. ఫోర్‌మన్ రెండుసార్లు కానీ కానీ అన్నట్టు చెయ్యి తిప్పాడు. బకెట్ దించడం, చెంచాతో తీసినట్టు కాస్త మట్టి తియ్యడం, పక్కన పోయడం. పోసిన ప్రతిసారీ వాడు తలెత్తి చూస్తున్నాడు. మొదట మేడమ్ వైపు అనుకున్నాను. కాదు. వాడు చూస్తోంది మా వసారా వైపు.

నాకు అర్థమయ్యేలోపే టూటూకి అర్థమైంది.

"దొంగవెధవ" అంది, ఎంత ప్రేమగా అందో చెప్పలేను. "నా మొహం చదువుతున్నాడు."

"చదవనీ టూటూ! వాడొక్కడే కదా!" అన్నాను. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇదొక్క దారి మాకు తట్టలేదు. నోటితో చెప్పక్కర్లేదు, వేలు చూపించక్కర్లేదు. వాడు మెల్లగా ఆ పక్కగా మట్టి వదిలేసి పోవచ్చు. కొంతైనా, ఒక మూలైనా మిగలొచ్చు.

టూటూ కూడా ఒక్క క్షణం ఆలోచించింది. ఆలోచించడం నేను చూశాను. మొహంలో ఏదో వెలిగి, మళ్లీ ఆరిపోయింది.

"వాడొక్కడే కాదు, ఆ ఫోర్‌మన్‌కీ కళ్లున్నాయి. కుర్చీ తిప్పవే."

"టూటూ..."

"తిప్పమన్నానా!"

తిప్పాను. కుర్చీతో సహా ఆవిడని గోడవైపు తిప్పాను. ఎనభై ఏళ్లు ఆ తోపుని చూస్తూ బతికిన మనిషి గోడకి ఎదురుగా కూచుంది. నా చెయ్యి అడిగింది. ఇచ్చాను. నా మణికట్టు పట్టుకుని, కళ్లు మూసుకుని, పేర్లు చదవడం మొదలుపెట్టింది. సభలో చదివిన పేర్లే, అదే వరసలో, పెదాలు మాత్రమే కదిలిస్తూ. నేను ఆవిడ పక్కన నిలబడ్డాను.

కింద నైహె మళ్లీ తలెత్తాడు. ఆవిడ వీపు చూశాడు. కాసేపు బకెట్ కదల్లేదు. తరవాత కదిలింది.

ఇంకో చెట్టు కూలింది. ఇంకోటి. వేళ్లు పటపటమని తెగుతున్నాయి. మెత్తటి మట్టి పడే చప్పుడు అలవాటైపోయింది. టూటూ పేర్లు చదువుతూనే ఉంది. ఏమీ కాదేమో, ఆ చోటు గూటాల బయటే ఉందేమో, మా తాతముత్తాతలు మా కంటే తెలివైనవాళ్లేమో అని నాలో నేను మొక్కుకుంటున్నాను. ఏ దేవుడికి మొక్కానో కూడా తెలియదు, చర్చి దేవుడికో, అంతకుముందున్నవాళ్లకో.

అప్పుడు బకెట్ రాయి మీద గీసుకుంది.

తోపులో రాళ్లు లేవు. అది ఇసుక మట్టి, నేను పుట్టినప్పటి నుంచీ తవ్వి ఆడుకున్న మట్టి. కిర్రుమని ఒక్కసారి, బల్లపరుపుగా చేత్తో పరిచిన రాయి మీద గీసుకున్నట్టు.

టూటూ పెదాలు ఆగిపోయాయి. ఒక పేరు సగంలో ఆగింది. ఆవిడ గోళ్లు నా మణికట్టులోకి దిగాయి. రక్తం వచ్చేలా దిగాయి. ఒక్క మాట అనలేదు, తల తిప్పలేదు, ఏడవలేదు. గోళ్లు మాత్రం దిగాయి.

తరానికి ఒక్కరికే అందవలసింది నాకు అలా అందింది. నాకు వద్దు. నేనెప్పుడూ కుళ్లుకున్నాను కానీ, నిజంగా నాకు వద్దు.

నేను అరవలేదు. ఒట్టు, నేను కదల్లేదు. చెయ్యి లాక్కోలేదు, అడుగు వేయలేదు, పెదవి విప్పలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయా, నోరు తెరుచుకుందా, నా మొహం ఏం చేసిందో నాకు తెలియదు. నా మొహం నాకు కనిపించదు కదా.

కింద బకెట్ గాల్లో ఆగిపోయింది. అంచు నుంచి మట్టి సన్నగా జారుతోంది. అద్దం వెనక నైహె తలెత్తి సూటిగా నన్నే చూస్తున్నాడు.

ఫోర్‌మన్ చెయ్యి తిప్పాడు. వాడు కదల్లేదు. ఫోర్‌మన్ ఏదో అరుస్తూ పొక్లెయిన్ వైపు నాలుగడుగులు వేసి, వాడు చూస్తున్న వైపు తనూ తలెత్తి చూశాడు. నా వైపు. పక్కన మేడమ్ కూడా తెల్ల టోపీ వెనక్కి తోసుకుని నా వైపు చూసింది. ఆవిడ చాలాసేపు చూడలేదు. మెల్లగా తల దించి, బకెట్ కిందున్న నేల వైపు చూసి, అక్కడే మోకాళ్ల మీద కూచుంది.

గోడవైపు తిరిగి ఉన్న టూటూ కళ్లు తెరిచింది.

"చప్పుడెందుకు ఆగిందే?" అంది.

నా మణికట్టు మీద ఆవిడ వేళ్లు కొంచెం కొంచెంగా వదులవుతున్నాయి.

"కమైలె, నన్ను తిప్పావు సరే" అంది టూటూ. "నువ్వు ఎటు తిరిగి నిలబడ్డావే?"